శివరాత్రి దాటాక రైతు కొట్టు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన పెద్దలు అంటారు. ఆ చలితోపాటే రైతు కొట్టులో బల్ల మీది సరుకూ మారిపోతుంది. ఊరి పొలిమేరలో, రోడ్డు పక్కన తాటాకు పందిరో రేకుల షెడ్డో వేసుకుని, తమ చేలో పండినదాన్ని తామే తూచి అమ్ముకునే రైతు కుటుంబాలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. నూజివీడు దారిలో మామిడి తోటల పక్కన చూస్తాం, చేవెళ్ల రోడ్డులో చూస్తాం, మదనపల్లె చుట్టుపక్కల చూస్తాం. కొందరు ఏడాది పొడుగునా కొట్టు నడుపుతారు, కొందరు కాపున్నన్నాళ్లే. మాఘం నుంచి చైత్రం దాకా, అంటే చలి వెనక్కి తగ్గినప్పటి నుంచి ఉగాది వచ్చేవరకు, ఆ కొట్టులో ఏం జరుగుతుందో, ఆ రెండు నెలలు రైతుకూ మనకూ ఎందుకంత ముఖ్యమో ఈ పూట చెప్పాలని నా కోరిక.

సంక్రాంతి నాటికి ఆ బల్ల నిండుగా ఉంటుంది. పందిరి చిక్కుడు, వంగ, టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, మెంతికూర, కొత్తిమీర, జామకాయలు, రేగుపళ్లు, గోదావరి జిల్లాల్లో తేగలు, చిత్తూరు వైపు అనపకాయలు. శివరాత్రి ఉపవాసానికి చిలగడదుంపలు తవ్వి తెస్తారు. వీటినే తెలంగాణలో కందగడ్డలంటారు, సీమలో గెణుసుగడ్డలంటారు. ఆ పండుగ రెండు మూడు రోజులూ కాటా దించే తీరికుండదు. అది కాగానే బల్ల పలచబడటం మొదలవుతుంది.

ఎందుకు పలచబడుతుందో తెలిస్తే రైతు మీద విసుగు రాదు. మన పాత రకం పందిరి చిక్కుడుకు పగటి పొద్దు కురచగా ఉన్నప్పుడే పూత వస్తుంది. రథసప్తమి దాటి పొద్దు సాగేకొద్దీ పూత ఆగిపోతుంది. ఎన్ని తడులిచ్చినా, ఎంత ఎరువు వేసినా ఆ తీగ మళ్లీ పూయదు. ఎండ ముదిరితే కాలీఫ్లవర్ గడ్డ గట్టిగా ఉండక విచ్చుకుని పచ్చబడుతుంది. కొత్తిమీర ఆకు వేయడం మాని పువ్వుకు పోతుంది. రాత్రిపూట కూడా వేడి తగ్గనప్పుడు టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. రైతు బద్ధకించి ఇలా జరగలేదు. ఆ మొక్కల స్వభావమే అది.

వాటి చోటు తీసుకోవలసిన వేసవి కూరలు అప్పటికి ఇంకా చేలో లేతగా ఉంటాయి. సంక్రాంతి పనులు ముగించుకుని జనవరి చివర్లో బెండ గింజ పెడితే తొలి కాయ కోయడానికి 45 నుంచి 50 రోజులు పడుతుంది. సొర, బీర, కాకర దాదాపు రెండు నెలలు తీసుకుంటాయి. అందువల్ల ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి మధ్య దాకా పచ్చి సరుకు తగ్గి, బల్ల సగం బోసిగా కనిపిస్తుంది. దారిన పోయేవాళ్లు ఒకసారి ఆగి చూసి, ఏమీ లేదనుకుని మళ్లీ ఆగడం మానేస్తారు. అలా పోయిన బేరం ఉగాదికి కూడా తిరిగి రాకపోవచ్చు. చాలా రైతు కొట్లు మూతపడేది ఇలాంటి వారాల్లోనే.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. కూరగాయల బల్ల బోసిపోయిన ఆ వారాల్లోనే కొట్టు వెనక గదిలోకి ఏడాది తిండి వచ్చి చేరుతుంది. కందులు, మినుములు, పెసలు, పసుపు, ఎండుమిర్చి, కొత్త బెల్లం, కొత్త చింతపండు, అన్నీ ఈ రెండు నెలల్లోనే ఇంటికి చేరే పంటలు. రైతు కొట్టును నిలబెట్టేవి ఇవి. మనం మాత్రం వంకాయలూ కొత్తిమీరా కొనడానికి రైతు దగ్గరికి వెళ్లి, పప్పూ కారమూ పసుపూ కొనడానికి సూపర్ మార్కెట్‌కు వెళుతున్నాం. ఈ అలవాటు మార్చుకోవాలి.

ఒక్కో సరుకు గురించి కాస్త వివరంగా చెబుతాను.

ముందు కంది. తొలకరికి వేసిన కంది జనవరి, ఫిబ్రవరి నెలల్లో కోతకొస్తుంది. తాండూరు ప్రాంతపు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కందిని పప్పు చేయడం ఒక రోజు పని కాదు. గింజను నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, ఎండలో ఆరబెట్టి, మట్టి దులిపి, అప్పుడు తిరగలిలోనో మరలోనో పోస్తారు. పొట్టు, నూక, పొడి పోగా 100 కిలోల కందులకు 70 కిలోలకు అటూ ఇటూగా పప్పు చేతికొస్తుంది. రైతు ఇంట్లో పట్టిన పప్పు మెరవదు. పైన సన్నటి పొడి ఉంటుంది, అక్కడక్కడా పొట్టు అంటుకుని ఉంటుంది. దుకాణంలో నిగనిగలాడే పప్పుకు ఆ మెరుపు పాలిష్ పెట్టడం వల్ల వచ్చింది. మెరుపు చూసి మంచి పప్పని లెక్క కట్టడం మానితే రైతుకు ఎంతో మేలు.

తర్వాత మినుము. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే, నిలబడి ఉన్న వరి చేలో మినుములు చల్లుతారు. వరి కోసేసరికి మొలక పైకి వస్తుంది. తర్వాత దున్నకం లేదు, చాలాచోట్ల తడి కూడా పెట్టరు. నేలలో మిగిలిన చెమ్మ, రాత్రి కురిసే మంచు, వీటితోనే పైరు ఎదిగి ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాయ ఎండుతుంది. పల్లాకు తెగులు సోకని ఏడాది రైతు ముఖం కళకళలాడుతుంది. అప్పుడే కల్లం నుంచి వచ్చిన మినుములతో పొట్టు పప్పు చేయించుకుని ఇడ్లీ పిండి రుబ్బినవాళ్లకు, సున్నుండలు చుట్టినవాళ్లకు ఆ రుచి గురించి నేను చెప్పనక్కరలేదు.

పసుపు సంగతి వేరు. జూన్‌లో విత్తనం దుంప పెడితే తవ్వడానికి ఎనిమిది తొమ్మిది నెలలు ఆగాలి. తవ్విన దుంపను ఉడికించాలి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, ఆ తర్వాత పైపొర పోయేలా డ్రమ్ములో వేసి తిప్పాలి. 100 కిలోల పచ్చి దుంప ఎండేసరికి 20 కిలోల దరిదాపులకు దిగుతుంది. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లకు కొత్త పసుపు జోరుగా వచ్చేది ఈ రోజుల్లోనే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఇంటికి కావలసిన పసుపును కొమ్ముల రూపంలో కొని దగ్గరుండి ఆడించుకోవడం అన్నిటికన్నా మంచిది. పొడిలో మెటానిల్ ఎల్లో లాంటి రంగు కలపగలరు, కొమ్ములో అలా కల్తీ చేయడం అంత సులభం కాదు. గట్టిగా, బరువుగా ఉండి, విరిస్తే లోపల ముదురు నారింజ పసుపు రంగు కనిపించే కొమ్మును ఎంచుకోండి.

ఎండుమిర్చిదీ అదే దారి. ఒక చేలో ఒకే కోతతో మిర్చి అయిపోదు. జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా విడతలు విడతలుగా కోస్తారు. కోసినదాన్ని కల్లంలో పరిచి, తిరగేస్తూ, సాయంత్రం మంచు పడకుండా కప్పుతూ ఎండబెడతారు. తెల్లబడిన తాలు కాయలను కూలీలు ఏరి పక్కన పెడతారు. గుంటూరు యార్డు, వరంగల్ ఎనుమాముల మార్కెట్, ఖమ్మం మార్కెట్ ఈ నెలల్లో ఎర్రగా నిండిపోతాయి. ఆవకాయ పెట్టే ఇళ్లకు మే నెలలో కారం కావాలి. ఆ మిర్చిని మార్చిలోనే రైతు దగ్గర ఎంచుకుని, తొడిమలు తీయించి, ఎండబెట్టి పట్టించుకుంటే రంగు, ఘాటు రెండూ మన ఇష్టప్రకారం కుదురుతాయి. నేలకు తగిలి చెమ్మ పట్టిన కాయలో బూజు చేరుతుంది, ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం పుడుతుంది. టార్పాలిన్ పట్టా మీద ఎండబెట్టారా అని రైతును అడగండి. అడిగే కొనుగోలుదారు ఉన్నాడని తెలిస్తే పట్టా పరిచే రైతుకు తన శ్రమకు విలువ దొరికిందని తృప్తి కలుగుతుంది.

బెల్లం గురించి అనకాపల్లి వాళ్లను అడగాలి. అక్కడి చెరకు పరిశోధన స్థానం 1913 నాటిది. ఆ పట్టణపు బెల్లం మార్కెట్‌కు దేశమంతటా పేరుంది. చలికాలమంతా గానుగలు తిరుగుతాయి. 100 కిలోల చెరకుకు పది కిలోల మేర బెల్లం దిగుతుంది. పెనంలో రసం మరుగుతున్నప్పుడు మడ్డి తేల్చడానికి కొంచెం సున్నం వేస్తారు, కొన్నిచోట్ల బెండ మొక్కల జిగురు వాడతారు. ఇంతవరకు బాగానే ఉంది. బెల్లం తెల్లగా, పసుపుపచ్చగా మెరవాలని మనం అడగబట్టి అందులో హైడ్రోస్ అనే రసాయనం వచ్చి పడింది. ఏ మందూ వాడని బెల్లం ముదురు రంగులో ఉంటుంది. ఆ దిమ్మను చూసి మురికిదని పక్కన పెడితే, వచ్చే ఏడాది ఆ రైతు కూడా హైడ్రోస్ పొట్లం కొంటాడు. రైతు చేత ఆ మందు వాడించేదీ మన కళ్లే, మాన్పించగలిగేదీ మన కళ్లే.

చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు దిగుతుంది. కాయ దులిపి, పెంకు ఒలిచి, ఈనెలు లాగి, గింజ కొట్టి తీయాలి. ఈ పనంతా ఆడవాళ్ల చేతుల మీదుగానే నడుస్తుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనులు సేకరించిన చింతపండును 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సంతల్లో కొంటుంది. కొత్త చింతపండు ఎర్రటి గోధుమ రంగులో, మెత్తగా, కొద్దిపాటి తీపితో ఉంటుంది. నిలవ ఉన్నకొద్దీ నల్లబడుతుంది. ఉగాది పచ్చడికి కొత్త చింతపండే, కొత్త బెల్లమే కావాలని మన ఇళ్లలో ఎందుకు పట్టుబడతారో ఈ నెలల్లో రైతు కొట్టుకు వెళితే అర్థమవుతుంది. ఆ పచ్చడిలో పడే మామిడికాయ, వేపపువ్వు, బెల్లం, చింతపండు ఆ రోజుల్లో మన నేల మీద కొత్తగా దిగినవే.

ఇక డబ్బు మాట. మాఘ, ఫాల్గుణాల్లో రైతుకు రొక్కం చాలా అవసరం. ఖరీఫ్ పంట రుణాల గడువులు చాలాచోట్ల ఈ నెలల్లోనే దగ్గరపడతాయి. 3 లక్షల రూపాయల లోపు పంట రుణం గడువులోగా చెల్లించిన రైతుకు 7 శాతం వడ్డీలో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. గడువు దాటితే ఆ మేలు పోతుంది. కూలీల బాకీ ఉంటుంది, వేసవి పైరుకు పెట్టుబడి కావాలి, పెళ్లిళ్ల ముహూర్తాలూ ఈ నెలల్లోనే. అందువల్ల కల్లంలో గింజ ఆరకముందే వచ్చిన ధరకు వ్యాపారికి తూచేస్తాడు.

మామిడి తోట ఉన్న రైతు ఇంకో పని కూడా చేస్తాడు. చెట్టు పూత మీద ఉండగానే తోటను వ్యాపారికి ఒప్పజెప్పేస్తాడు. పూత ఎంత రాలుతుందో, పిందె ఎంత నిలుస్తుందో, గాలివాన ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని రోజులవి. తేనెమంచు పురుగు, బూడిద తెగులు భయమూ అప్పుడే. ఆ భయంతో, ఆ అవసరంతో కుదిరిన బేరంలో కాయ మీద హక్కు చేయి మారిపోతుంది. కాపు బాగా వచ్చిన ఏడాది ఆ లాభం రైతుది కాదు. అతని కొట్టు ముందు ఏప్రిల్‌లో బంగినపల్లి పళ్లు పెట్టుకోవడానికి అతని తోట కాయలే అతనికి ఉండవు. ఫిబ్రవరిలో ఓ యాభై కుటుంబాలు వచ్చి కందులు, మిర్చి, పసుపు ఏడాదికి సరిపడా కొని రొక్కం చేతిలో పెడితే, కనీసం పది చెట్లయినా తన కోసం నిలుపుకునే ధైర్యం వస్తుంది. కార్బైడ్ పెట్టకుండా గడ్డిలో మాగేసిన పండు మనకు దొరకాలంటే దారి ఇక్కడి నుంచే వేయాలి. కాల్షియం కార్బైడ్‌తో పళ్లు మాగబెట్టడాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. అయినా వేసవి వచ్చిందంటే ఆ వార్తలు వింటూనే ఉన్నాం.

రైతు నేరుగా అమ్ముకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. పంజాబ్‌లో 1987లో అప్నీ మండీలు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరులో తమిళనాడు మదురైలో ఉళవర్ సంతై తెరిచింది. టోకు ధర కంటే రైతుకు కొంత ఎక్కువ, చిల్లర ధర కంటే కొనేవాళ్లకు కొంత తక్కువ, రెండు పక్షాలకూ లాభం అన్నది రైతు బజారు సూత్రం. దానివల్ల కూరగాయలు పండించే సన్నకారు రైతులు ఎందరో నిలదొక్కుకున్నారు. అయితే రైతు బజారంటే మన మనసులో కూరగాయలే మెదులుతాయి. పప్పు దినుసులు, మిర్చి, పసుపు యార్డు దారిలోనే పోతున్నాయి. ఊళ్లో ఉన్న రైతు కొట్టు ఈ ఖాళీని పూరించగలదు. పప్పుకు వంకాయలా వాడిపోయే బాధ లేదు. వారం ఆగినా, నెల ఆగినా అదే సరుకు.

మన పాత ఇళ్లలో ఏడాది సామాను అన్న ఏర్పాటు ఉండేది. మాఘ, ఫాల్గుణాల్లో పప్పులు, చింతపండు, మిర్చి, పసుపు తెప్పించి, ఎండబెట్టి, జాడీల్లోనూ డబ్బాల్లోనూ పోసేవారు. ఇప్పుడు అపార్ట్‌మెంటులో చోటు లేదని, ఎండబెట్టడానికి డాబా లేదని ఆ పద్ధతి వదిలేశాం. లెక్క వేసి చూద్దాం. నలుగురున్న ఇంటికి నెలకు రెండు కిలోల కందిపప్పు అనుకుంటే ఏడాదికి 24 కిలోలు. అంటే మామూలు బియ్యం బస్తాకు సరిపోయే చోటు కూడా అక్కరలేదు. ఏడాదంతటికీ వద్దనుకుంటే ఆరు నెలలకు కొనండి. నాలుగు ఇళ్లవాళ్లు కలిసి ఒక బస్తా తెచ్చుకుని పంచుకోండి.

నిల్వకు నాలుగు జాగ్రత్తలు చాలు. పప్పుధాన్యాలను తొలిచే పురుగు గుడ్డు పొలంలో కాయ మీదే పడుతుంది, గింజతోపాటు మన ఇంటికి వస్తుంది. గింజను పప్పుగా విరిచి బాగా ఎండబెడితే దాని బెడద చాలా తగ్గుతుంది. ఎండలో ఆరిన కందిపప్పుకు కాస్త ఆముదం పట్టించి డబ్బాలో పోసే పద్ధతి ఇప్పటికీ మంచిదే. చింతపండును ఉప్పు కలిపి పింగాణీ జాడీలోనో గాజు సీసాలోనో పెట్టాలి, లోహపు డబ్బా వద్దు, పులుపు దాన్ని తింటుంది. మిర్చిని కాయలుగానే ఉంచుకుని అవసరమైనప్పుడల్లా కొంచెం కొంచెం పట్టించుకుంటే రంగు నిలుస్తుంది. బెల్లం గాలిలోని చెమ్మను పీలుస్తుంది కనుక తొలకరి జల్లులు పడేలోపు గాలి దూరని డబ్బాలోకి మార్చాలి. అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లే పిల్లల పెట్టెల్లో కారం, కందిపొడి, చింతపండు సర్దే తల్లులకు ఈ జాగ్రత్తలన్నీ తెలిసినవే.

ఇప్పుడు రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు కొన్ని మాటలు.

బల్ల పూర్తిగా బోసిపోకుండా చూసుకోండి. తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది. ఒకేసారి మడంతా చల్లకుండా పది రోజులకో మడి చొప్పున చల్లితే ఆకుకూర ఎప్పుడూ చేతిలో ఉంటుంది. గట్టు మీద నాలుగు మునగ చెట్లుంటే ఈ వారాల్లో కాయ వస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవాళ్లు చిన్న చిన్న కమతాల్లోనే ఎన్నో రకాల పంటలు కలిపి వేస్తారు. చలికాలంలో మంచుతో, నేల చెమ్మతో పండే శనగ, కుసుమ, అవిసె లాంటివీ వాటిలో ఉంటాయి. ఒకటి ముగిసేసరికి ఇంకొకటి చేతికొస్తుంది. ఆ సంఘాల పనికి 2019లో ఈక్వేటర్ బహుమతి దక్కింది. వాళ్లు ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చి ఊరూరా జరిపే పాత పంటల జాతర చూస్తే, పంటల రకాలు ఎక్కువగా ఉన్న ఇంటికి కరువు నెలలు ఎందుకు తక్కువో బోధపడుతుంది.

రెండోది, కొట్టు ముందు ఒక పలక పెట్టండి. ఈ రోజు ఏమున్నాయి, ఏ సరుకు ఇంకెన్నాళ్లు ఉంటుంది, వచ్చే వారం ఏం వస్తుంది, ఇవి మూడూ రాయండి. చిక్కుడు అయిపోయింది, మార్చి రెండో వారానికి బెండ వస్తుంది, కొత్త కందిపప్పు సిద్ధంగా ఉంది అని రాసి ఉంటే దారిన పోయేవాళ్లు మళ్లీ ఎప్పుడు ఆగాలో తెలుసుకుంటారు. మీ చేలో లేని సరుకును టోకు మార్కెట్ నుంచి తెచ్చి మీదని చెప్పకండి. పక్క రైతు సరుకైతే పక్క రైతుదని చెప్పండి. మీ కొట్టుకు ఉన్న పెట్టుబడి ఆ నమ్మకమే.

మూడోది, చట్టం. రైతు తన పంటను పంటగా అమ్మేటప్పుడు 2006 నాటి ఆహార భద్రతా చట్టం అతనికి వర్తించదు. అదే మిర్చిని కారం పట్టించి, మామిడిని పచ్చడి పెట్టి అమ్మితే అది ఆహార వ్యాపారం కిందికి వస్తుంది, చిన్న స్థాయిలో అయినా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ప్యాకెట్ కట్టి అమ్మితే దాని మీద పేరు, చిరునామా, నికర బరువు, ధర, ప్యాక్ చేసిన నెల ఉండాలి. ఈ పనులు ఒక్కరికి భారమనిపిస్తే నలుగురైదుగురు రైతులు కలవండి. ఒకరి కంది, ఒకరి పసుపు, ఒకరి మిర్చి, ఒకరి బెల్లం ఒకే కప్పు కింద పెడితే కొట్టు నిండుతుంది, కాపలా వంతులూ పంచుకోవచ్చు. పొదుపు సంఘాల మహిళలకు ఈ పని మరీ బాగా కుదురుతుంది.

నాలుగోది, ముందున్న ఎండలు. ఆకుకూర మధ్యాహ్నానికి వాడిపోకుండా ఉండాలంటే కరెంటు ఫ్రిజ్ అక్కరలేదు. ఢిల్లీ పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన చల్లని గది ఒకటుంది. ఇటుకలతో రెండు వరుసల గోడ కట్టి, ఆ రెండిటి మధ్య సుమారు 7.5 సెంటీమీటర్ల ఖాళీలో ఇసుక నింపి, పొద్దున సాయంత్రం ఆ ఇసుకను తడుపుతారు. పైన గడ్డితోనో వెదురు తడికతోనో చేసిన మూత వేస్తారు. లోపల వేడి బయటికన్నా 10 నుంచి 15 డిగ్రీలు తగ్గుతుంది, గాలిలో తేమ 90 శాతం దాకా నిలుస్తుంది. ఇటుకలు, ఇసుక, నీడ, కాసిని నీళ్లు ఉంటే ఊరి మేస్త్రీ కట్టగలడు. ఈ పని మార్చి రాకముందే పూర్తి చేసుకోవాలి.

ఫాల్గుణం సగమయ్యేసరికి బల్ల మళ్లీ పచ్చబడుతుంది. మునక్కాయల కట్టలు వస్తాయి. గాలికి రాలిన మామిడి పిందెలు బుట్టలో కనిపిస్తాయి. చింతచిగురు, లేత బెండకాయలు, దోసకాయలు, గోరుచిక్కుళ్లు, పుచ్చకాయలు ఒకటి వెనక ఒకటి దిగుతాయి. వేపపువ్వు దులిపి ఆరబోస్తారు. ఉగాది ముందు రెండు రోజులు మళ్లీ కాటా దించే తీరికుండదు. ఆ సందడి చూడాలంటే మధ్యలో వచ్చిన ఖాళీ వారాల్లో కొట్టు బతికి ఉండాలి. దాన్ని బతికించడం కొనేవాళ్ల చేతుల్లో ఉంది.

శ్రోతలారా, నా విన్నపం ఒక్కటే. మీ ఇంటికి పది ఇరవై కిలోమీటర్ల లోపల ఇలాంటి రైతు కొట్టు ఎక్కడుందో ఈ వారమే ఆరా తీయండి. చిక్కుడుకాయ లేదని వెనక్కి తిరగకుండా, లోపల ఏ గింజ ఉందో అడగండి. కందిపప్పు కానివ్వండి, పసుపు కానివ్వండి, మిర్చి కానివ్వండి, ఉగాదిలోపు ఒక్క సరుకైనా ఆరు నెలలకు సరిపడా పండించినవాళ్ల చేతి నుంచి కొని, రొక్కం అక్కడికక్కడే ఇవ్వండి. వచ్చే మాఘానికి రెండో సరుకు చేర్చండి.